సెప్టెంబరు కల్లా అన్నాను

పోయిన ఆదివారం హామిల్టన్‌లో సంతాపసభ జరిగింది. ఆవిడ పోయింది ఫిబ్రవరిలో, సభ ఏప్రిల్లో. హాలు దొరకలేదట. ముందు బల్ల మీద ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ, పక్క బల్ల మీద సమోసాలు. మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఆవిడ శాంతమూర్తి అన్నారు. ఒకరన్నారని రెండోవారు, రెండోవారన్నారని మూడోవారు. చివర్లో రిటైరైన ప్రొఫెసరుగారు లేచి, "ఆమె నోట పరుషమైన మాట ఏనాడూ వినలేదు. మనవల్ని తిప్పుదామని పాపం ఒక పాత ట్రైలర్ కూడా కొనుక్కున్నారు" అని గొంతు జీరగా పెట్టాడు.

ఆవిడకి మనవలు లేరు. కొడుక్కింకా పెళ్ళే కాలేదు.

వెనక వరసలో కూచుని పళ్ళు కొరుక్కున్నాను. పరుషం కాని మాట ఆవిడ నోట వారానికి ఒకటి విన్నానేమో. "బుర్ర ఉందా మేస్త్రీ" అనకుండా నాకు టీ ఇచ్చిన రోజు లేదు. బతికుండగా ఆవిడ ఎలాంటిదో కనుక్కోలేదు, సరే. పోయాక ఇంకో మనిషిని తయారుచేసి దండ వేస్తారా? లేచి చెప్పాల్సింది. లేవలేదు. అందుకని రాస్తున్నాను. పేరు రాయను. ఆవిడ పేరుతో చాలామంది చాలా అబద్ధాలు ఆడారు ఆ రోజు. నేను నర్సమ్మగారు అనేవాణ్ణి, అది చాలు.

గుంటూరు వైపు మనిషి. ఇక్కడి ఆసుపత్రిలో ఎన్నో ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. నేను కాకినాడ అవతల సముద్రం ఒడ్డున ముప్పయ్యేళ్ళు ఫైబర్ పడవలు కట్టి, ముసలితనంలో ఈ దేశానికి అమ్మాయి దగ్గరికి వచ్చినవాణ్ణి. అక్కడ మా అమ్మాయి పదో తరగతికి చదువుతుంటే దాని పక్కన కూచుని అక్షరాలు దిద్దుకున్నాను, అప్పటికి నాకు నలభై ఆరు. ఇక్కడ మనవాళ్ళలో డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు ఎక్కువ. వాళ్ళ గుంపులో ఒక నర్సూ ఒక పడవల మేస్త్రీ ఎక్కడ కూచుంటారు? వెనకే. కిందటేడు ఉగాది భోజనాల్లో అలాగే పక్కపక్కన కూచున్నాం.

"నువ్వేం చేసేవాడివయ్యా ఆడ?"

"పడవలండి. ఫైబర్ పడవలు."

చెంచా కింద పెట్టింది. "ఫైబరంటే ఫైబర్ గ్లాసేగా? రేపు పదింటికి మా ఇంటికి రా. పాత చొక్కా వేసుకో."

"ఎందుకండీ?"

"వస్తే తెలుస్తది. పులిహోర తిను, బాగుంది. నేను దానికోసమే వచ్చా."

ఆవిడ ఇల్లు కొండ మీద. హామిల్టన్‌లో ఊరు సగం కింద, సగం కొండ మీద ఉంటుంది. మేముండేది కింద, అమ్మాయి అపార్ట్‌మెంటులో. బస్సెక్కి వెళ్ళాను. పెరట్లో నీలం టార్పాలిన్ కింద ఆ బండి ఉంది. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ట్రైలర్, లోపల ఒక మంచం, ఒక పొయ్యి, ఒక సింకు. యాభయ్యేళ్ళ పాతది. కోడిగుడ్డు ఆకారంలో మొత్తం ఫైబర్‌తో పోసిన పెంకు. పైభాగం ఒకటి, కిందిభాగం ఒకటి, నడుములో కలిపి అతికారు, పడవని బోర్లించి ఇంకో పడవ మీద పెట్టినట్టు. నాచు పట్టి ఉంది. తలుపు తీస్తే తడిసిన గోనె వాసన.

ఫైబర్‌ని చూసి చెప్పలేం, విని చెప్పాలి. జేబులోంచి డాలరు నాణెం తీసి పెంకు మీద కొట్టుకుంటూ పోయాను. మంచి చోట టక్‌మంటుంది. పొరలు విడిపోయిన చోట మెత్తగా బద్‌మంటుంది. ఆవిడ కాసేపు చూసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేసరికి మెళ్ళో స్టెతస్కోపు ఉంది. నేను బయట కొడుతుంటే లోపల పెంకుకి స్టెతస్కోపు ఆనించి వినడం మొదలుపెట్టింది. నవ్వబోయాను.

"నవ్వబాక. మళ్ళీ కొట్టు. ఇంకొంచెం ఎడమకి. ఆఁ, ఇక్కడ నిమ్ము పట్టింది. గుర్తు పెట్టు."

సుద్దతో గుర్తు పెట్టాను. తర్వాత నేను విడిగా చూసుకుంటే సరిగ్గా అక్కడే పొర లేచి ఉంది. మొత్తం బండిలో మూడే చోట్ల అలా ఉంది. పెంకు గట్టిది.

"నేల పోయిందండీ. ప్లైవుడ్ అంతా కుళ్ళిపోయింది. తీసి కొత్తది వెయ్యాలి. మిగతాది నిలబడద్ది."

"ఎన్నాళ్ళు?"

"సెప్టెంబరు కల్లా అయిపోద్దండి."

"సెప్టెంబరు దాటకూడదు."

"దాటదండి. ఎక్కడికెళ్తారేటి?"

"ఉత్తరాన ఒక సరస్సు ఉంది. ఒక్కదాన్నే పోతా. రెండు రోజులుంటా. వస్తా."

"ఒక్కరే ఎందుకండీ?"

"నీకెందుకు?"

ఎందుకు అని ఎవరడిగినా ఆవిడ జవాబు అదే. కొడుకు అడిగితే అదే. చర్చి పాస్టరుగారు అడిగితే అదే. కంచె అవతల ఇంటి తెల్లాయన తల బయటపెట్టి ఇదేమిటి చేస్తున్నారని అడిగితే, "నన్ ఆఫ్ యువర్ బిజినెస్, డియర్" అని చల్లగా నవ్వింది. ఆయన కూడా నవ్వి వెళ్ళిపోయాడు. డెబ్భై ఒక్కేళ్ళ ఆడమనిషి ఒంటరిగా రెండు రోజులు బయటికి పోతానంటే కారణం చూపించాలని అందరికీ ఎందుకంత పట్టుదలో నాకు తెలియదు. అదే మగవాడు చేపలు పట్టడానికి పోతే ఎవడూ అడగడు. నేనూ అడిగాను, మరి.

మర్నాడు స్క్రూడ్రైవరు పట్టుకుని నేరుగా కిటికీ మీద పడ్డాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏదీ పీకబాక. ముందు ఫోటో. తర్వాత కవరు. కవరు మీద రాయి: ఎక్కడిది, ఎన్ని, ఏ రోజు తీశావు."

"నాకు గుర్తుంటదండి. ముప్పయ్యేళ్ళు చేశాను."

"నీకు గుర్తుంటది. నువ్వు లేనప్పుడు ఇంకొకడు చూస్తే? నా డ్యూటీ అయిపోయాక వచ్చే నర్సుకి నా తలకాయ తెరిచి చూపించేదాన్నా? రాయి."

రాశాను. ఎడమ కిటికీ, పై వరస, స్క్రూలు ఆరు. ఆవిడ కవరు విప్పి లెక్కపెట్టేది. ఐదుంటే గడ్డిలో మోకాళ్ళ మీద కూచుని ఆరోది వెతికించేది. కవర్ల మీదే మూడు రోజులు పోయాయి. పడవల షెడ్డులో ఇలా చేస్తే ఓనరు పంపించేసేవాడు. కోపంతో నా గీతలు వంకర పోతే, "ఇది చదివేవాడు చస్తాడు, మళ్ళీ రాయి" అని కొత్త కవరు చేతికిచ్చేది. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నవాడు కదా అని జాలిపడి మెచ్చుకునేవాళ్ళని చాలామందిని చూశాను. మళ్ళీ రాయమన్నది ఆవిడొక్కతే.

తర్వాత నీళ్ళ పరీక్ష. నీళ్ళు ఏ కిటికీ అంచులోంచి, పెంకుకి కొట్టిన ఏ రివెట్టు సందులోంచి వస్తున్నాయో తెలియకుండా కొత్త నేల వేస్తే అదీ కుళ్ళిపోతుంది. నేను లోపల సుద్ద పట్టుకుని, ఆవిడ బయట తోట పైపు పట్టుకుని.

"వస్తందా?"

"రాట్లేదండీ!"

"ఇప్పుడు?"

"వచ్చిందండీ, నెత్తి మీద పడింది!"

"నీ నెత్తి కాదయ్యా, ఏ రివెట్టు?"

"కిటికీ పైనదండీ! ఆపండి!"

"గుర్తు పెట్టావా?"

"సుద్ద తడిసిపోయిందండీ!"

"బుర్ర ఉందా మేస్త్రీ? పెన్సిలుతో పెట్టు."

పైపు మాత్రం ఆపలేదు. బయటికొచ్చేసరికి చొక్కా పిండుకోవాల్సి వచ్చింది. ఆవిడ నవ్వితే శబ్దం ఉండదు, భుజాలు కదులుతాయి. ఆ రోజు చాలాసేపు కదిలాయి.

మధ్యాహ్నం అన్నం పెట్టేది. గోంగూర, గుడ్డు పొరటు, రోజూ అదే. పెట్టే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడిగించేది, గోళ్ళ సందులు చూసేది. ఆపరేషనుకి పోతున్నానా అన్నానొకసారి. "నువ్వు కాదు, అన్నం పోతంది నీ లోపలికి" అంది.

జులైలో నేల తీశాం. నేలే పెంకుని విచ్చుకుపోకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి ముందు లోపల అడ్డకర్రలు బిగించాను. పాత ప్లైవుడ్‌లోకి స్క్రూడ్రైవరు గుచ్చితే బన్నులోకి దిగినట్టు దిగింది. అంచుల్లో ఫైబర్ కొయ్యాలి, ఆ ధూళి ముక్కులోకి పోతుంది. ఆవిడ మాస్కు తెచ్చి నా మొహానికి పెట్టి, ముక్కు మీద తీగని వేళ్ళతో నొక్కి బిగించింది. నాకు ఊపిరాడలేదు, లాగేశాను.

"షెడ్డులో ఎట్టా చేసేవాడివి?"

"తుండుగుడ్డ కట్టుకునేవాళ్ళమండి."

"అందరూనా? దగ్గులొచ్చినయా?"

"వచ్చాయండి కొంతమందికి."

"ఎంతమంది పోయారు?"

నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఆ పెరట్లో నిలబడి వేళ్ళు మడిచాను. నాలుగు మడిచి ఆగాను. అందరూ నా ఈడువాళ్ళు. యాభై దాటలేదు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "మీ ఓనరుకి మాస్కు సంగతి తెలవదా? డబ్బాల మీద రాసి ఉంటదిగా?"

"ఇంగ్లీషులో ఉండేదండి."

"వాడికి ఇంగ్లీషు వచ్చా?"

"ఆయన బియ్యే అండి."

కొడవలి లాంటి రంపం ఆవిడ చేతిలో ఉంది. దాన్ని గడ్డిలోకి విసిరికొట్టి, ఆ ఓనర్ని తిట్టింది. గుంటూరు తిట్లు, నేను రాయకూడనివి. ఆయన పోయి పదేళ్ళయింది. అయినా ఎదురుగా ఉన్నట్టే తిట్టింది. నాకు ఆశ్చర్యం వేసింది. ఆయన మీద కోపం తెచ్చుకోవచ్చని ఆ రోజు దాకా నాకు తోచనేలేదు. పండక్కి బట్టలు పెట్టేవాడని మంచివాడే అనుకునేవాణ్ణి. మాస్కు పెట్టుకున్నాను. మళ్ళీ తియ్యలేదు.

శాంతమూర్తి అట.

ఆగస్టు మధ్యకి పాత నేల పోయింది, తుప్పు గీకాం, ఇనప చట్రానికి రంగు వేశాం, కొత్త ప్లైవుడ్ కోసి షెడ్లో పెట్టాం. ఇక రెసిన్, అంటే ఫైబర్‌ని అతికే జిగురు, పూసి నేల దింపి, అంచులు పెంకుతో కలిపి ఫైబర్ పరచడమే. ఎండలు బాగున్నాయి. పది రోజుల పని.

అప్పుడు నేను వెళ్ళడం మానేశాను.

ఇక్కడి మన ముసలాళ్ళం పొద్దున్నే మాల్‌లో నడుస్తాం. నడిచాక ఫుడ్ కోర్టులో కాఫీ. ఆ రోజు నేను తొందరగా లేస్తుంటే ప్రొఫెసరుగారు, అదే, ఆ గొంతు జీరాయన, "ఏమయ్యా, రోజూ కొండెక్కుతున్నావు. ఈ వయసులో కొత్త కాపురమా?" అన్నాడు. ఇంకొకాయన, "కాపురానికి ఇల్లు కూడా కట్టిస్తున్నాడండీ, చక్రాల మీద" అన్నాడు. నలుగురూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అది ముందు చెప్పుకోవాలి. నేనూ నవ్వాను.

సాయంత్రం మా అల్లుడు, నెమ్మదస్థుడు, అన్నం దగ్గర అన్నాడు. "మావయ్యా, నేనేమీ అనుకోవట్లేదు. బయట ఏదో మాట్లాడుకుంటున్నారు. కొన్నాళ్ళు ఆగితే..." మా అమ్మాయి కంచంలోకి చూస్తూ కూచుంది. డెబ్భై మూడేళ్ళ మనిషిని. సముద్రంలో తుపానులు చూసినవాణ్ణి. నలుగురు కాఫీగాళ్ళకి భయపడ్డాను. ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. మోగుతున్న ఫోన్‌ని బల్ల మీద పెట్టి చూస్తూ కూచున్నాను. మూడు వారాలు టీవీ చూశాను. బయట అంత మంచి ఎండ మళ్ళీ రాలేదు.

సెప్టెంబరులో సిగ్గు చంపుకుని వెళ్ళాను. వాన పడుతోంది. ఆవిడ తలుపు తీసి నన్ను చూసి, "మాస్కు లోపలుంది" అంది. అంతే. ఎక్కడికి పోయావనలేదు. నేను బతికిపోయాననుకున్నాను.

ఆ నెలంతా వానలు. తడిలో రెసిన్ పనికిరాదు. అక్టోబరు మొదట్లో ఒక పొడిరోజు దొరికింది. రెసిన్‌లో కలిపే గట్టిమందు డబ్బా ఆవిడ చేతిలో ఉంది, కళ్ళజోడు పెట్టుకుని చదువుతోంది.

"పదిహేను డిగ్రీలు లేకపోతే వాడొద్దని రాశారు. ఇయ్యాళ తొమ్మిదుంది."

"మీరు నాకు చెప్పకండి. నాకు తెలుసు."

"ఎంత కలపాలో కూడా ఉంది, చదవనా?"

"ముప్పయ్యేళ్ళు మూతతో కొలిచానండి. ఒక్క పడవ మునగలేదు."

మా ఒడ్డున ఎండకి సగం మూత వేస్తేనే డబ్బాలోనే రాయి అయిపోతుంది, పొగ వస్తుంది. చెయ్యి ఎప్పుడూ తక్కువే వెయ్యడానికి అలవాటుపడింది. ఆ చలిలో కూడా నా చెయ్యి కాకినాడలోనే ఉంది. సగం మూత వేశాను. నేల దింపాం, అంచులన్నీ ఫైబర్ పరిచి రోలరు తిప్పాను. చూడ్డానికి అద్దంలా ఉంది. గర్వంగా ఇంటికొచ్చాను.

మర్నాడు వెళ్తే తీగపాకం. ఇంకో రెండు రోజులు ఆగాం. పాకమే. ఆవిడ వేలు పెట్టి తీసింది, తీగ సాగింది.

"చీమలకి పెట్టావా మేస్త్రీ?"

తిడుతుందని చూశాను. తిట్టలేదు. గరిట తెచ్చి గీకడం మొదలుపెట్టింది. నాలుగు గీతలకి ఆయాసం వచ్చి తలుపు మెట్టు మీద కూలబడింది. చెయ్యి ఛాతీ మీద ఆనించి, గడియారం చూసుకుంటూ తన ఊపిరి తనే లెక్కపెట్టుకుంది. అప్పుడు చూశాను ఆవిడ మణికట్టు. వేసవిలో నిండుగా ఉన్న గాజు మోచేతి దాకా జారుతోంది.

"మే నెలలో మొత్తం గీకి మళ్ళీ వేస్తానండి. మేలో గట్టిగా పడద్ది" అన్నాను.

"వేసుకో" అంది. "నీకు మే ఉంది."

ఏమిటండీ అని అడగలేదు. అడిగితే నీకెందుకు అంటుందని కాదు. చెబుతుందేమోనని.

నవంబరులో ఆసుపత్రి. తను పనిచేసిన వార్డుకి ఒక అంతస్తు కింద. ఒకసారి చూడ్డానికి వెళ్తే, సెలైన్ పెట్టిన నర్సుపిల్ల టేపు వంకరగా అంటించిందని తిడుతూ ఉంది. ఆ పిల్ల ఏడవలేదు, మళ్ళీ సరిగ్గా అంటించింది. నన్ను చూసి, "చేతులు కడుక్కున్నావా?" అంది. ఆవిడ నాతో అన్న చివరి మాట అది. ఫోటోకి దండ వేసినవాళ్ళకి అది పరుషంగా ఉంటుందేమో. నాకు కాదు.

సభ అయ్యాక ఆవిడ కొడుకు వచ్చి, ఇల్లు అమ్మేశామని, గురువారం ట్రైలర్‌ని తీసుకుపోవడానికి ట్రక్కు వస్తుందని చెప్పాడు. ఫైబర్ కరగదు, ఎవరూ కొనరు, ముక్కలు కోసి చెత్తగుట్టలో పడేస్తారు. మా అపార్ట్‌మెంటులో సైకిలు పెట్టుకోవడానికే చోటు లేదు. గురువారం వెళ్ళాను. ఆ కుర్రాడు నార్త్ యార్క్‌లో బ్యాంకులో చేస్తాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లీషు. తల్లిని పట్టించుకోని కొడుకని నేను వాడి మీద ఏడాదిగా కోపం దాచుకున్నాను. నాలుగు మాటలు అనాలనే వెళ్ళాను.

నన్ను చూడగానే, "అంకుల్, మీ నడుం ఎలా ఉంది ఇప్పుడు?" అన్నాడు.

"నా నడుమా?"

తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పుకొచ్చాడు. ఆగస్టులో అతను ఇలాంటి బండ్లు బాగుచేసే షాపు ఒకటి వెతికి పట్టుకున్నాడట. వాళ్ళు వచ్చి తీసుకెళ్ళి, సెప్టెంబరు మొదటి వారానికి పూర్తి చేసి ఇస్తామన్నారట. సరస్సు దగ్గర చోటు కూడా బుక్ చేశాడట. అప్పటికే డాక్టర్లు ఆవిడకి చెప్పేశారు, శీతాకాలం దాటడం కష్టమని. తల్లీకొడుకులకి తప్ప ఎవరికీ తెలియదు.

"అమ్మ ఒప్పుకోలేదు. మేస్త్రీకి నడుం పట్టేసింది, తగ్గాక వస్తాడు, అతను మొదలుపెట్టిన పని ఇంకొకళ్ళు ముట్టుకోవద్దు అంది. ఫోన్ చేసి డిస్టర్బ్ చెయ్యొద్దంది." బండి వైపు చూస్తూ అన్నాడు. "షీ నెవర్ వెయిటెడ్ ఫర్ ఎనీబడీ, అంకుల్. నేను స్కూల్లోంచి రెండు నిమిషాలు లేటుగా వస్తే కారు తీసుకుని వెళ్ళిపోయేది. మీ కోసం మూడు వారాలు ఆగింది."

నడుం నొప్పి అని ఆవిడకి నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. తనే పుట్టించింది.

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ కుర్రాడి దృష్టిలో నేను జబ్బుపడ్డ పెద్దమనిషిగా మిగిలిపోతాను. ఆదివారం మైకులో విన్నట్టే, ఇంకో అబద్ధం.

"నా నడుం బాగానే ఉంది బాబూ. ఒక్కరోజు కూడా నొప్పి చెయ్యలేదు. ఇంట్లో కూచున్నాను."

"వై?"

"మాల్‌లో ముసలాళ్ళు ఏదో అన్నారు. మీ అమ్మగారినీ నన్నూ కలిపి."

అతనికి కొంచెంసేపు పట్టింది. భాష వల్ల కాదు. "దట్స్ ఇట్?" అన్నాడు.

"అంతే."

ఇక్కడ పెరిగిన పిల్లలు దేనికైనా ఇట్స్ ఓకే అంటారు. కాలు తొక్కినా అంటారు. అంటాడని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. అతను అనలేదు. ట్రక్కువాడు కాగితం తెస్తే సంతకం పెట్టి, కలం తిరిగిచ్చి, నా వైపు చూడకుండా, "గో హోమ్, అంకుల్" అన్నాడు.

వెళ్ళలేదు. గొలుసులు బిగించి, బండిని ట్రక్కు మీదకి లాగి, వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. అతను నన్ను క్షమించలేదు. ఆ వారం మొత్తంలో ఆవిడకి ఎవరైనా చేసిన మర్యాద అదొక్కటే.